మూతలున్న డబ్బాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. నా ఉద్యోగమంతా ఈ మూడు పట్టణాల మధ్యే గడిచింది. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా మూడు చోట్లా పనిచేశాను, మూడు చోట్లా ముక్కుకు రుమాలు కట్టుకున్నాను, మూడు చోట్లా "మన పట్టణం మిగతా రెండింటికన్నా నయం" అనే ఉపన్యాసం విన్నాను. ఇప్పుడు చెప్పబోయేది వీటిలో ఏ ఊళ్లో జరిగిందో మాత్రం చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారు. చెప్పకపోతే మూడు ఊళ్లవాళ్లూ ఇది పక్క ఊరి సంగతేనని హాయిగా నవ్వుకుంటారు. ఈ జాగ్రత్త నాకు సర్వీసు నేర్పిన విద్య.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో ఒక మంచి సక్సెస్ స్టోరీ చెప్పండి" అంటారు. సక్సెస్‌లన్నీ ఆఫీసు గోడల మీద ఫ్రేములు కట్టి ఉంటాయి, వెళ్లి చూసుకోండి నాయనా. నేను చెప్పేది ఒక మెమో గురించి. అది రాసింది నేనే, సంతకం నాదే, తప్పూ నాదే.

ముందు మా మున్సిపల్ ఆఫీసు ఎలా ఉండేదో చెప్పాలి. ఒకే వరండా. ఈ చివర మా చెత్త సెక్షన్, ఆ చివర నీళ్ల సెక్షన్. మధ్యలో నాలుగు కుర్చీలు, ఒక చెడిపోయిన ఫ్యాను. ఎవరైనా వచ్చి "నల్లాలో మురికి వస్తుంది సార్" అంటే నీళ్లవాళ్లు "మురికి అంటే శానిటేషన్ కదా" అని మా దగ్గరికి పంపేవాళ్లు. మేము "నల్లా అంటున్నవు గద, అది నీళ్ల సంగతి, ఆ చివరికి పోయి అడుగు" అని తిప్పి పంపేవాళ్లం. ఆ మనిషి వరండాలో నాలుగుసార్లు అటూ ఇటూ నడిచేసరికి అతనికి ఓపిక అయిపోయేది, మాకు టీ వేళ అయ్యేది. మా రెండు సెక్షన్ల మధ్య కుదిరిన సహకారం అదొక్కటే.

ఆ ఏడు ఇంటింటికీ చెత్త డబ్బాలు పంచాం. ఇంటికి రెండు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. డబ్బాలు మాత్రం దిట్టమైనవే వచ్చాయి, అబద్ధమెందుకు. మందమైన ప్లాస్టిక్కు, పట్టుకోవడానికి పిడి, బిర్రుగా కూర్చునే మూత. వేదిక మీద పెద్దలు ఒక్కో డబ్బా అందిస్తూ ఫొటోలు దిగారు. ఎవరికి ఏ రంగు డబ్బా ఎందుకిస్తున్నారో వాళ్లలో సగం మందికి తెలియదు, అయినా నవ్వు మాత్రం బాగా నవ్వారు.

నెల తిరిగేసరికి పట్టణమంతా ఒక దారి, ఒక్క కాలనీ ఒక దారి. అది ఊరికి ఆ కొసన, పైపులైను ఆగిపోయే చోట ఉంది. ఒకప్పుడు గొర్లు కాసుకున్న కుటుంబాలు, ఇప్పుడు మేస్త్రీ పనులకు, లారీలకు లోడెత్తడానికి పోతున్నారు. రెండు రోజులకొకసారి నల్లా వచ్చేది. వచ్చినప్పుడు కూడా ముందున్న వీధుల వాళ్లు నల్లాలకు మోటార్లు బిగించి లాగేసుకోగా మిగిలినది ఈ కాలనీకి సన్నటి ధారగా చేరేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా అది నీళ్ల సంగతి కాబట్టి మనసుకు పట్టించుకోలేదు.

నా బాధ వేరు. ఆ కాలనీలో ఒక్క ఇంటి ముందూ డబ్బా కనిపించేది కాదు. చెత్తంతా పాత సిమెంటు సంచుల్లో, పాలిథీన్ కవర్లలో, తడీ పొడీ కలిసి వచ్చేది.

ఆ కాలనీకి చెత్త ఆటోతో వెళ్లేది ఒక ఔట్‌సోర్సింగ్ కార్మికురాలు. యాభైకి దగ్గరపడిన మనిషి, చీర మీద ఖాకీ చొక్కా. పొద్దున్నే పక్క ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఏ ఊరో చెప్పను. పెన్‌పహాడ్, చివ్వెంల అన్నానంటే సూర్యాపేట అని పట్టేస్తారు, చిలుకూరు అంటే కోదాడ అని తేల్చేస్తారు. సంచీ చేతికి తీసుకోగానే ఆ ఇంటికి చుట్టాలొచ్చారో లేదో, ఎవరికైనా జ్వరమో చెప్పగలిగేది. నేను అన్ని ట్రైనింగులకు వెళ్లొచ్చినా నాకా విద్య రాలేదు.

ఒకరోజు ఆమెను ఆఫీసుకు పిలిపించాను.

"ఏందమ్మా, గా కాలనీల ఒక్క డబ్బా గూడ కనవడ్తలేదు. డబ్బాలు ఏమైనయి? అమ్ముకున్నరా?"

"లేదు సారూ. ఇండ్లల్లనే ఉన్నయి."

"మరి చెత్త సంచులల్ల ఎందుకేస్తున్నరు?"

"డబ్బాలు ఖాళీ లేవు సారూ."

"నిండితే నీ ఆటోల గుమ్మరియ్యాలె గద. గది నీ పనే గద."

"గవి గుమ్మరిచ్చేటియి గావు సారూ. మీరొక్కపారి వచ్చి సూడుండ్రి."

నాకు ఒళ్లు మండింది. ఇన్‌స్పెక్టరును నువ్వొచ్చి చూడు అనడమా? "పై అధికారికి నిర్లక్ష్యంగా సమాధానమిచ్చినది" అని డైరీలో రాసుకున్నాను. కాలనీ మా ఆఫీసుకు బండి మీద పది నిమిషాల దూరం. వెళ్లి చూస్తే పోయేది. కానీ అప్పటికి నా అనుభవం బాగా ముదిరింది. కుర్చీలో కూర్చునే అన్నీ కనిపించే దశకు చేరుకున్నాను.

ఈలోగా స్వచ్ఛతకు మార్కులు వేసే బృందం వస్తోందని కబురొచ్చింది. కమిషనర్ గారు నన్ను పిలిచి ఆ కాలనీ ఫొటో ముందు పెట్టారు. "గిది కనవడితే మనం ఖతం" అన్నారు. నేను మా సెక్షన్‌కు వచ్చి మెమో రాశాను. తడి పొడి చెత్త వేరుగా సేకరించుటలో తీవ్ర అలసత్వం వహించినందున, బృందం వచ్చు దినమున ప్రతి ఇంటి ముందు రెండు డబ్బాలు కనిపించని యెడల విధుల నుండి తొలగించబడుదురు. ఆ "తొలగించబడుదురు" దగ్గర నా పెన్ను ఎంత సాఫీగా నడిచిందో ఇప్పటికీ గుర్తుంది.

ఆమె వచ్చి కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"నాకు సదువురాదు సారూ. జర మీరే సదివి జెప్పుండ్రి."

చదవక తప్పలేదు. ఒంటరిగా రాసుకున్నప్పుడు దర్జాగా ఉన్న వాక్యం, ఎదురుగా మనిషి నిలబడి వింటుంటే ముందుకు సాగలేదు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాను.

"అంటే నౌకరి దీస్తరా సారూ?"

"డబ్బాలు బయట వెట్టిస్తే తియ్యరు."

"నా మొగడు నడుమిరిగి మంచంలున్నడు. ఇంట్ల నా ఒక్కదాని జీతమే సారూ." కాగితం తీసుకుని కొంగున ముడేసుకుంది. "సరే. పెట్టిస్త. అడుగుతె కాదనరు ఆల్లు."

అలా అన్నప్పుడు ఆ మాటలో ఏముందో నాకు తెలియలేదు. నేను అడిగితే కదా తెలిసేది.

ఇక తయారీలు మొదలయ్యాయి. గోడలకు రంగులు వేయించాం. నెమళ్లు, పులులు, చీపురు పట్టుకున్న పిల్లలు. ఊళ్లో ఏ గోడా ఖాళీ లేక ఒక పులి బొమ్మను సులభ్ కాంప్లెక్స్ తలుపు మీద కూడా వేశారు. అక్కడికి వెళ్లేవాళ్లు మొదటి రెండు రోజులు జంకారు. నీళ్ల సెక్షన్ ఇంజనీరు గారు కూడా ఆ చివర తన తయారీల్లో తనున్నారు. ఆయన కోదాడ అవతలి వైపు మనిషి, మాటకు ముందు ఒక అండీ, వెనక ఒక అండీ. బృందం నీళ్ల గురించి కూడా అడగొచ్చునని, ఆ రోజు పొద్దున ఊరంతా వాల్వులు కట్టేసి ఆ ఒక్క కాలనీకే పూర్తి ఫోర్సుతో నీళ్లు వదలమని లైన్‌మన్‌కు చెప్పారు. నాకు చెప్పలేదు. డబ్బాల సంగతి నేనూ ఆయనకు చెప్పలేదు. మా వరండా ఆ చివర నుంచి ఈ చివరకు దగ్గితే వినపడుతుంది.

ఆ రోజు వచ్చింది. కాలనీలోకి అడుగుపెట్టి నేను నిలబడిపోయాను. వీధికి రెండు వైపులా సున్నం గీతలు, ప్రతి గడప ముందూ జంటగా డబ్బాలు, ఆకుపచ్చవి ఒక పక్క, నీలంవి ఒక పక్క. పంచిన రోజు ఎలా ఉన్నాయో అలాగే మెరుస్తున్నాయి. ఆమె తన ఆటో పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మెమో ఎంత గొప్ప మందో అనుకుని లోలోపల నన్ను నేనే మెచ్చుకున్నాను.

బృందానికి పెద్ద ఒకావిడ. కళ్లద్దాలు, చేతిలో ట్యాబ్, ముఖంలో నవ్వు లేదు. నేరుగా ఒక ఆకుపచ్చ డబ్బా మూత తీశారు. లోపల తళతళలాడుతోంది.

"తడి చెత్త ఏదీ?" అన్నారు.

"ఇంకా వంటలు కాలేదు మేడమ్," అన్నాను.

నీలం డబ్బా తీశారు. అదీ అంతే. "పొడి చెత్తకూ వంట కావాలా?"

కమిషనర్ గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. ఏ డబ్బాలోనూ ఒక్క ఉల్లిపొట్టు లేదు. "ఇంత శుభ్రమైన చెత్త డబ్బాలు నేనెక్కడా చూడలేదు," అన్నారావిడ. అది మెప్పో కాదో తేల్చుకునేలోపు నల్లాల్లో గాలి గుర్రుమంది.

"నల్లా వచ్చిందే!" అని ఎవరో కేకేశారు.

అంతే. మా కమిషనర్ గారూ, కెమెరాలూ, ట్యాబూ అన్నీ మాయమైపోయాయి ఆ ఆడవాళ్ల కళ్లకు. ప్రతి ఇంట్లోంచీ ఒకరు బయటకు దూకారు, గడప ముందున్న డబ్బాలు రెండు చేతులా పట్టుకుని నల్లాల దగ్గరకు పరుగెత్తారు. ఒకామె, మేడమ్ గారి చేతిలో ఉన్న మూతను "జర ఇడువమ్మా, నీళ్లు వోతయి" అని లాక్కుపోయింది. చూస్తుండగానే వీధి పొడవునా ఆకుపచ్చ డబ్బాల్లో, నీలం డబ్బాల్లో నీళ్లు నురుగులు కక్కుతూ నిండుతున్నాయి. నిండిన డబ్బాకు నిండినట్టు మూత బిగించి లోపలికి మోసుకుపోతున్నారు.

"ఇవి చెత్త డబ్బాలు కదా?" మేడమ్ గారు ఒకామెను ఆపి అడిగారు.

"చెత్తకెట్ల ఇస్తమమ్మా. తాగే నీళ్ల డబ్బాలాయె."

"వీటిలో నీళ్లు పట్టమని ఎవరు చెప్పారు మీకు?"

ఆమె చుట్టూ చూసి వేలు నా మీద నిలిపింది. "గీ సారే."

"నేనా?" అన్నాను.

"మీరే గద సారూ. మొన్న వానకాలంల మైకు వట్టుకొని రాలే? మూతల్లేని డ్రమ్ములల్ల నీళ్లుంటె దోమలయితయి, డెంగీ వస్తదని మా నీళ్లన్ని మోరిల గుమ్మరిచ్చిపోలే? రెండొద్దుల నీళ్లు సారూ అవి. మూతలున్నయాట్లనే వట్టుకోవాలె అంటిరి. మా ఇండ్లల్ల మూతలున్నయి ఏమున్నయి? నెల తిరగకముందే మీరే మూతలున్న డబ్బాలు తెచ్చిస్తిరి. మంచి సారు అని దండం వెట్టుకుంటిమి."

నిజమే. కుమ్మరించాను. డ్రమ్ములు ఒక్కొక్కటే తన్ని బోర్లించి, ఫొటో తీయించుకుని మరీ వచ్చాను. మేడమ్ గారు నా వైపు చూశారు. నేను కమిషనర్ గారి వైపు చూశాను. ఆయన ఇంజనీరు గారి వైపు చూశారు. ఇంజనీరు గారు చూడటానికి ఎవరూ మిగలక నల్లా వైపు చూశారు.

"ఇక్కడికి రోజూ నీళ్లు రావా?" అని ఆయన్నే అడిగారు మేడమ్.

"వస్తున్నాయి కదండీ మేడమ్, చూడండి ఎంత ఫోర్సుగా ఉన్నాయో."

"ఇయ్యాల వచ్చినయి," అంది నీళ్లు పడుతున్న ఆమె. "ఇయ్యాల మా వంతే గాదు. ఎందుకు ఇడిసిండ్రో మాకు సమజైతలేదు."

అంటూనే నీలం డబ్బాలో గ్లాసు ముంచి, పెద్దమనుషులు ఎండలో నిలబడ్డారని ఇంజనీరు గారి ముందు పట్టింది. ఆయన రెండు చేతులూ జోడించి "ఇవాళ ఉపవాసమండీ, నీళ్లు కూడా ముట్టను" అన్నారు. ఆయన నోట్లో అప్పటికింకా టిఫిన్ తాలూకు పల్లి పలుకు నలుగుతోంది. కమిషనర్ గారు చేతిలోని సీసా చూపించారు. గ్లాసు నా దగ్గరికొచ్చింది. చెత్త ఆటో పక్కనుంచి మా కార్మికురాలు నన్నే చూస్తోంది. తాగాను. మంచి నీళ్లే. కొద్దిగా కొత్త ప్లాస్టిక్కు వాసన.

ఆ గ్లాసు తిరిగి ఇస్తున్నప్పుడు నాకు సిగ్గేసింది. ఆ కార్మికురాలు నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. డబ్బాలు ఇండ్లలోనే ఉన్నాయంది, ఖాళీ లేవంది, కుమ్మరించేవి కావంది, వచ్చి చూడమంది. నేను మాత్రం డైరీలో నిర్లక్ష్యం అని రాశాను, ఆమెది.

బృందం ముందుకు కదిలాక ఆమె దగ్గరకు వెళ్లాను. "సాఫ్‌గ చెప్పొచ్చు గదమ్మా, నీళ్లు వట్టుకుంటున్నరని?"

"చెప్తె గుంజుకపోతరనుకున్న సారూ. డ్రమ్ములు గుమ్మరిచ్చిననాడు నేను ఆడనే ఉన్న."

"మరి నీ నౌకరి?"

"నౌకరి వోతదని బుగులయింది. గందుకే పొద్దుగాల్ల ఇంటింటికి వోయి బతిలాడిన. ఒక్క గంట, నా కోసం డబ్బాలు ఖాళీ జేసి బయట వెట్టుండ్రని. ఉన్న గిన్నెలల్ల, చెంబులల్ల తాగే నీళ్లు వంపుకొని పెట్టిండ్రు. ఇంట్ల అన్నం వండే గిన్నె గూడ మిగల్లే కొందరికి. ఇగ నల్లా వస్తదని ఎవలికి ఎరిక సారూ?"

నా బెదిరింపుకు భయపడి ఆ వీధి డబ్బాలు బయట పెట్టలేదు. ఆమె అడిగింది కాబట్టి పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. ఎవరికైనా మెమో రాసే ముందు వాళ్లు పనిచేసే వీధికి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు అడగండి. ఆ తర్వాత కూడా రాయాలనిపిస్తే రాయండి.

మర్నాడు కమిషనర్ గారి గదిలో మీటింగ్. మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు నోట్ పెట్టాను. కాలనీకి వెళ్లి చూడకుండా మెమో ఇచ్చితిని, తప్పు నాది అని రాశాను. "గిట్ల రాసుకుంటె నీకే దెబ్బ" అన్నారు కమిషనర్ గారు. దెబ్బ తగిలింది కూడా. నా సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక వాక్యం చేరింది. రాసిన వాక్యాల్లో నిజమైనది అదేననుకుని సర్దుకున్నాను. ఆమె పని నిలిచింది.

ఆ మీటింగ్ గంటసేపు నడిచింది. ఆ కాలనీకి రోజూ నీళ్లివ్వాలన్న మాట ఎవరి నోటా రాలేదు. ఇంజనీరు గారు అసలు విషయం డబ్బాల దుర్వినియోగమేనండీ అన్నారు. అందరికీ అది నచ్చింది. సదరు కాలనీలో ఇంటికి రెండు చొప్పున ఇచ్చిన డబ్బాలను సాయంత్రంలోగా వెనక్కి తీసుకుని స్టోరుకు అప్పగించవలెను అని ఉత్తర్వు వచ్చింది. అమలు చేయాల్సింది ఎవరు? ఆ వీధి కార్మికురాలు.

మళ్లీ నేనే చదివి వినిపించాను. రెండోసారి.

ఆమె మెల్లగా అడిగింది. "సారూ, గవే డబ్బాలు దెమ్మన్నరా, గన్ని డబ్బాలు దెమ్మన్నరా?"

కాగితం మళ్లీ చదివాను. ఈసారి పైకి కాదు. "గన్ని డబ్బాలు అప్పజెప్పాలె. ఏ డబ్బాలో ఎట్ల గుర్తువడ్తరు," అన్నాను.

"సరే సారూ," అని ఆటో ఎక్కింది. ఆటో కాలనీ వైపు తిరగలేదు. డంపింగ్ యార్డు వైపు తిరిగింది.

మిద్దెలున్న వీధుల్లో మేము పంచిన డబ్బాల్లో వేడి బూడిద పోశారు, ఇటుకలు మోశారు, పగలగొట్టి పారేశారు. అవన్నీ చివరకు చేరేది యార్డుకే. సాయంత్రం ఆటో నిండా ఆకుపచ్చవి, నీలంవి వేసుకుని వచ్చింది. యార్డులో నల్లా లేదు కదా, మోరీ పక్కన చెరువు కాలువలో కడిగి తెచ్చింది. చేతులకు రెండు చోట్ల ప్లాస్టిక్కు గీసుకుని రక్తం కనిపిస్తోంది. వరండాలో వరసగా పేర్చింది. ఇంటికి రెండు, ఒక్కటీ తక్కువ లేదు.

మా స్టోర్‌కీపర్ చాదస్తపు మనిషి. ఒక డబ్బా ఎత్తి వెలుతురుకు పట్టాడు. ఇంకోటి ఎత్తాడు. నాలుగో దానికి నా వైపు తిరిగాడు.

"సార్, అన్నిటికి అడుగులు వలిగినయి. వీటిల నీళ్లెట్ల ఆగినయి?"

ఆమె నా వైపు చూసింది. వరండా ఆ చివర ఇంజనీరు గారు టీ తాగుతున్నారు. ముప్పై ఏళ్లుగా ఎందరినో నడిపించి అలసగొట్టిన ఆ మాట నా నోట్లో సిద్ధంగానే ఉంది.

"అది నీళ్ల సంగతి," అన్నాను. "ఆ చివరికి పోయి అడుగు."

స్టోర్‌కీపర్ ఆ చివరకు చూశాడు. చేతిలోని డబ్బాను చూశాడు. అతనూ ఈ ఆఫీసులోనే ముసలివాడైన మనిషి. ముద్ర తీసి కాగితం మీద కొట్టాడు. నేను సంతకం పెట్టాను. సర్వీసులో నేను పెట్టిన తప్పుడు సంతకాలన్నింటికీ నాకు నేనే కారణాలు చెప్పుకోవాల్సి వచ్చింది, దీనికి మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆమె చేతులు ఖాకీ చొక్కాకు తుడుచుకుని, "పోయొస్త సారూ" అని షేర్ ఆటోల వైపు నడిచింది. మర్నాడు ఆ కాలనీకి నీళ్ల వంతు కాదు. ఆ ఇళ్లల్లో డబ్బాలు మాత్రం నిండుగా ఉన్నాయి.